అక్షింతలు పడ్డ రేకు

మా జిల్లాలో ఫిజిక్స్ చెప్పేవాళ్లు నలుగురు ఒక బల్ల చుట్టూ చేరితే, చాయ్ చల్లారేలోపు ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. "బోధన్‌ల ఒక సారు ఉండె. పసుపు మెరిస్తె కొత్త వెలుగు దొరికిందని హైదరాబాద్ నుంచి కమిటీని పిలిపిచ్చిండు!" అందరూ పగలబడి నవ్వుతారు. చెప్పినవాడు ఆ రోజు ఆ గదిలో లేడు. విన్నవాళ్లూ లేరు. నేను ఉన్నాను. అందుకే నాకు నవ్వు రాదు, ఊరుకోవడమూ చేతకాదు. కిందటేడు ఒక పెళ్లి విందులో ఇదే కథ చెబుతున్న పెద్దమనిషిని పెరుగన్నం దగ్గర ఆపి, "నీలం వెలుతురు కింద పసుపు మెరుస్తుందని మీకు ఎప్పుడు తెలిసింది సార్?" అని అడిగాను. ఈ కథ విన్నాకే తెలిసిందన్నాడు. మరి మా కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు ఏటా ఆ సంగతి చేసి చూపించింది ఎవరనుకున్నారు? స్పిరిట్‌లో చిటికెడు పసుపు కలిపి, నీలం లైటు కింద పెట్టి, పచ్చగా వెలిగే ఆ గాజు గొట్టాన్ని పిల్లల చేతికిచ్చి "మీ ఇంట్ల డబ్బల ఉన్నదే, పరాయిది కాదు" అన్నది ఆ "ఒక సారే".

కొత్తగా ల్యాబుల్లోకి వస్తున్న పిల్లలకోసం ఇది రాస్తున్నాను. మీరూ రేపు ఏ మీటింగులోనో ఈ కథ వింటారు. నవ్వొద్దనను. సంగతి తెలుసుకుని నవ్వండి.

నేను బోధన్‌లో ఒక డిగ్రీ కాలేజీలో పనిచేశాను. సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే రిటైర్మెంటు తీసుకుని నిజామాబాద్‌లో ఇంటి పట్టున ఉంటున్నాను. ఎందుకు తీసుకున్నావంటే మోకాళ్ల నొప్పులని చెబుతాను. అది సగం నిజం. ఆ సారు మా శాఖలో కాంట్రాక్టు లెక్చరర్. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు, నాకూ తమ్ముడే. వేల్పూర్ వైపు మెథడిస్టు క్రైస్తవుల కుటుంబం. వాళ్లమ్మ పసుపు ఉడికించే బట్టీల దగ్గర కూలికి పోయేది. చిన్నప్పుడు స్కూలుకు పోతే అంగీకి పసుపు మరకలుండేవని తనే చెప్పి నవ్వేవాడు. ఎక్కువ మాట్లాడడు. ఆ లోటు నేను తీర్చేదాన్ని.

ఆయన పని పెట్టుకున్నది మాలిబ్డినైట్ అనే ఖనిజంతో. పేరుకు భయపడకండి. అభ్రకం చూసే ఉంటారు, గోరు పెట్టి లాగితే రేకులు రేకులుగా ఊడి వస్తుంది. ఇదీ ఆ తీరుదే. నల్లగా, పెన్సిల్ ముల్లులా నిగనిగలాడుతుంది. గమ్ముటేపు అంటించి లాగి, ఆ ఊడినదానికి మళ్లీ టేపు అంటించి లాగి, అలా లాగగా లాగగా ఎక్కడో ఒక మూల ఒకే ఒక్క పొర మిగులుతుంది. దానికన్నా పలచగా చేయడం ఇక ఎవరి తరమూ కాదు. వింత అక్కడ మొదలవుతుంది. ముద్దగా ఉన్నప్పుడు దానిమీద ఎంత వెలుతురు పోసినా బండరాయిలా పడి ఉంటుంది. ఒక్క పొరగా మిగిలినప్పుడు మాత్రం, నీలం వెలుతురు పడితే ఎర్రటి వెలుతురుతో బదులు చెబుతుంది. పదార్థం అదే, మారింది మందమే. రేపటి ఎలక్ట్రానిక్స్‌లో తీగల్లో కరెంటు చేసే పని వెలుతురు చేయాలంటే ఇలాంటి పొరలే కావాలని ప్రపంచమంతా వాటి వెంట పడింది. పెద్ద పెద్ద సంస్థల్లో దానికి కోట్ల రూపాయల యంత్రాలుంటాయి. మాకు ఉన్నవి ఒక పాత సూక్ష్మదర్శిని, దానికి బిగించిన కెమెరా, ఒక నీలం లేజరు, ఒక ఎర్ర గాజు బిళ్ల. ఆ బిళ్ల కెమెరా ముందు పెడితే నీలం ఆగిపోయి ఎరుపు ఒక్కటే లోపలికి పోతుంది. పాతకాలంలో ఫోటోలు కడిగే చీకటి గది ఒకటి మూలన పడి ఉంటే దుమ్ము దులిపి అందులో పెట్టుకున్నాం.

చీకటి గది రోడ్డు వైపు ఉండేది. చెరుకు సీజన్లో లారీ ఒకటి పోయిందంటే బల్ల వణికి, కెమెరాలో బొమ్మ నీళ్లలో నీడలా చెదిరిపోయేది. ఆయన ఊపిరి బిగబట్టి లారీ దాటేదాకా ఆగేవాడు. నేను లారీని తిట్టేదాన్ని.

మొదటిసారి అది వెలిగిన రోజు దసరాకు ఇంకా చాలా ముందు. వానలు పడుతున్నాయి. నేను స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా విప్పుకుంటుంటే గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్క, ఒక్కసారి వస్తవా?"

"తిన్నంక వస్త. ఏం, కరెంటు పోయిందా?"

"లేదు. ఉన్నది."

"ఏమున్నది?"

"నువ్వే వచ్చి చూడు. నేను చెప్తె అబద్ధమైతదేమో అనిపిస్తున్నది."

వెళ్లి చూశాను. నల్లటి తెరమీద గోరంత ఎరుపు. అంచులు కత్తిరించినట్టు నిటారుగా, ఎక్కడా మచ్చ లేకుండా, మొత్తం ఒకే తీరున వెలుగుతోంది. పక్కనే ఉన్న మందపాటి ముక్క నల్లగా ఉంది. నా నోటికి మాట రాలేదు, ఆ సంగతి ఆయన తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. "మా అక్క నోరు మూయించిన ఖనిజం" అని.

అటెండర్ కూడా వచ్చి చూశాడు. అతనూ కాంట్రాక్టు మనిషే, ఆ సారంటే ప్రాణం. "ఏంది సార్, కుంకుమ బొట్టు లెక్కుంది?" అన్నాడు.

"బొట్టు గాదన్న, మన రేకు. వెలుగుతున్నది."

"మన లాబ్లనే?"

"మన లాబ్లనే."

కానీ ఎర్ర బిళ్ల గుండా చూస్తే ఏదైనా ఎర్రగానే కనిపిస్తుంది. ఆ ఎరుపు నిజంగా ఆ పొరదేనా అని తేల్చాలంటే వెలుతురును రంగులుగా విడదీసి కొలిచే యంత్రం కావాలి. పొరదైతే ఎరుపు దగ్గర ఒక్కచోట నిటారుగా శిఖరం లేస్తుంది. ఇంకేదైనా అయితే గుట్టలా పరుచుకుంటుంది. ఆ యంత్రం మాకు లేదు. ఇప్పించమని ఆయన దరఖాస్తు పెట్టాడు. హైదరాబాద్ నుంచి కమిటీ వచ్చి చూసి, సరే అంటే యంత్రం వస్తుంది. యంత్రం వస్తే ఏళ్లుగా ఆగిపోయిన ఆయన పీహెచ్‌డీ కదులుతుంది. లేకపోతే గడువు అయిపోతుంది, కాంట్రాక్టు కొలువులోనే తల నెరుస్తుంది. మా శాఖలో ఇది తెలియనివాళ్లు లేరు. దసరా సెలవుల తర్వాత వస్తామని కమిటీ కబురు పంపింది.

ఆ రేకును ఆయన లెన్సు కింది నుంచి కదపలేదు. కదిపితే మళ్లీ వెతికి పట్టుకోవడం ఇసుకలో ఆవగింజను ఏరడమే. పైన గాజు గిన్నె బోర్లించి, దానిమీద ప్లాస్టిక్ సంచీ కప్పి, తాడు కట్టి ఉంచాడు.

దసరా సెలవులకు ముందు రోజు మా కాలేజీలో ఆయుధ పూజ చేస్తారు. ప్యూన్ సైకిలు మొదలు కంప్యూటర్ల దాకా అన్నిటికీ బొట్లు. నేనూ ఏటా తక్కెడలకు, మోటార్లకు నా చేత్తో పసుపు కుంకుమలు పెట్టినదాన్నే, దానిమీద నాకు కోపం లేదు. ఆ ఏడు నేను పేపర్లు దిద్దే డ్యూటీ మీద నిజామాబాద్‌లో ఉన్నాను. సెలవులు కూడా అటునుంచి అటే.

కమిటీ వచ్చిన రోజు పొద్దున నేను చీకటి గది పక్క క్లాసులో ఫస్టియర్‌కు పాఠం చెబుతున్నాను. కమిటీ పెద్ద వచ్చాడని పిలిస్తే వెళ్లాను. బట్టతల మనిషి, మర్యాదస్తుడే. గదిలో మా హెడ్డు, ఇద్దరు లెక్చరర్లు, గోడకు ఆనుకుని అటెండర్. తమ్ముడు లేజరు వేశాడు. తెరమీద ఎరుపు కనిపించింది. నాకు అది బాగానే ఉందనిపించింది, కాస్త ఎక్కువే వెలుగుతోందనిపించింది. చూడగానే సంబరపడ్డాను, పరిశీలించలేదు. ఆ పని నాది కాదు, చూడటానికి వచ్చినవాడిది.

కమిటీ పెద్ద తన సంచీలోంచి నీలాన్ని మాత్రమే ఆపే వేరే గాజు బిళ్ల తీశాడు. ఎర్ర బిళ్ల తీసేసి అది పెట్టమన్నాడు. తమ్ముడు పెట్టాడు. చేయి వణకలేదు, నాకు గుర్తుంది.

తెరంతా చుక్కలు చుక్కలుగా పసుపు పచ్చ. రేకుమీద, రేకు పక్కన, రేకే లేని చోట కూడా.

కమిటీ పెద్ద కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. "అరే భాయ్, యే తో హల్దీ హై!" అని నవ్వాడు. ఆయన నవ్వులో విషం లేదు, అది నేను ఒప్పుకుంటాను. "నిజామాబాద్ నుంచి పసుపు కాక ఇంకేం వస్తుంది" అని ఇంకో మాట అన్నాడు. మా హెడ్డు నవ్వాడు. లెక్చరర్లు నవ్వారు. తమ్ముడు లేజరు ఆపేసి, "సారీ సర్" అన్నాడు. అంతే.

"ముందు చూసినది వేరు, వానాకాలంలో చూశాం, ఫోటో ఉంది" అని నేను అడ్డం పడ్డాను. ఫోటో కూడా ఎర్ర బిళ్లతో తీసిందే కదా అన్నాడు కమిటీ పెద్ద. నిజమే. వాళ్లు భోజనానికి వెళ్లారు. నేను క్లాసు ముగించి తిరిగి వచ్చేసరికి హెడ్డు స్పిరిట్‌లో ముంచిన దూదితో ఆ గాజు పలకను శుభ్రంగా తుడిపించేశాడు. "ఇగ చాలు, ఇజ్జత్ పోయింది" అంటూ. పసుపుతో పాటు రేకూ పోయింది.

పసుపు ఎలా వచ్చిందో నాకు రెండు రోజుల దాకా తెలియదు. అటెండరే వచ్చి చెప్పాడు. స్టాఫ్ రూము గుమ్మం దగ్గర టవలు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"మేడం, అది నేనే జేసిన."

"ఏంది జేసినవ్?"

"దసరా పూజ నాడు. మిషిన్ మీద సంచి, లోపట గిన్నె ఉంటె హెడ్డు సార్ తియ్యిమన్నడు. తీసిన. బొట్లు వెట్టిన. అందరం అక్షింతలేసినం. నేనైతె రెండు పిడికిళ్లేసిన మేడం. సార్ పని మంచిగ గావాలె, కమిటోల్లు మెచ్చుకోవాలె అని మొక్కి ఏసిన." టవలుతో మొహం తుడుచుకున్నాడు. "అవి గింజలే గద, ఊడ్సిన. పసుపు దుమ్ము రాలుతదని నాకేం ఎరుక?"

"సార్ ఆడ్నే ఉండెనా?"

"ఉండె. గోడకు నిలవడ్డడు. ఏం అనలే."

ఆ మనిషిని నేనేం అనగలను? పొమ్మన్నాను. హెడ్డు గదిలోకి మాత్రం తలుపు కొట్టకుండా వెళ్లాను.

"కప్పి పెట్టినదాన్ని ఎందుకు తీపిచ్చిండ్రు సార్?"

"మేడం, మీరు ఊకె గరం గాకుండ్రి. దసరాకు మిషిన్లకు పూజ జేసుడు కొత్తనా? మీరు జెయ్యలేదా?"

"తక్కెడకు జేసిన. తాడు కట్టి దాచిపెట్టినదానికి జెయ్యలే."

"సంచికి జేస్తె పూజైతదా? అయినా ఆయన ఆడ్నే ఉండె. వద్దనచ్చు గద. నోరు లేదా?"

"ఆయన వద్దంటె మీరేమందురు?"

హెడ్డు కిటికీ వైపు చూశాడు. ఏమనేవాడో ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఆ గదిలో పైకి రాలేదు గానీ బల్లమీద గ్లాసులా మా మధ్య ఉంది.

"మరి పసుపు మీరే ఏసిండ్రని తెలిసి కమిటీ ముందట ఎట్ల నవ్విండ్రు?"

"అందరు నవ్విండ్రు, నేను నవ్విన. ఇప్పుడేం జెయ్యమంటరు, ఉరేసుకోమంటరా?"

వద్దన్నాను. కమిటీకి ఫోన్ చేసి జరిగింది చెప్పమన్నాను. చెప్పలేదు. నేను ఫోన్ చేస్తే, "మేడం, పసుపు ఎవరు వేస్తే ఏముంది, నమూనా పాడైందిగా, మళ్లీ తయారు చేసి పిలవండి" అన్నారు. మళ్లీ తయారు చేయమని వాళ్లు చెప్పినంత తేలికగా రేకు దొరకదు.

ఆ సాయంత్రం బస్టాండులో తమ్ముడు నా పక్కన నిలబడ్డాడు. నిజామాబాద్ బస్సుకోసం చూస్తున్నాం.

"హెడ్డు సార్‌తోని లొల్లి వెట్టుకున్నవట అక్క."

"పెట్టుకోక? పూజ నాడు ఒక్క మాటంటె అయిపోవు. వద్దు సార్, రేకు ఖరాబైతది అని. గంతే గద?"

"నువ్వంటె అది సైన్స్ మాటైతది అక్క. నేనంటె వేరే మాటైతది."

"నాకు ఫోన్ జేస్తె నేనే అందును."

"ఫోన్ల నువ్వంటె, నేను చెప్పిపిచ్చిన అంటరు." చెప్పి, నా సంచీ తన చేతిలోకి తీసుకున్నాడు. "ఊకో అక్క. బస్సొచ్చింది, సీటు దొరకది, జల్ది ఎక్కు."

జీవితంలో నేను వాదనలో ఓడిపోయిన సందర్భాలు తక్కువ. అది ఒకటి. మా పండుగ, మా కాలేజీ, మా అక్షింతలు. ఆయన ఆ గదిలో గోడకు ఆనుకుని ఏం లెక్కలు వేసుకుంటూ నిలబడ్డాడో నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

తర్వాత ఆయన చాలా రేకులు తీశాడు. చెరుకు లారీల మధ్య, నా తిట్ల మధ్య. ఒక్క పొర మళ్లీ దొరకలేదు. పీహెచ్‌డీ గడువు పోయింది. విద్యా సంవత్సరం చివర ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. సొంత ఊరి వైపు ఒక ప్రైవేటు స్కూల్లో చేరాడు. అక్కడా పిల్లలకు పసుపు వెలిగించి చూపిస్తున్నాడని విన్నాను. విని ఆ పూట నేను అన్నం తినలేకపోయాను.

ఆయన ఇప్పుడు లేడు. అవమానంతో కుమిలి చనిపోయాడని కథకు ఇంకో తోక తగిలించేవాళ్లు ఉన్నారు. వాళ్లతోనూ నాకు పేచీయే. ఆయనకు షుగర్ ఉంది, కిడ్నీలు పాడయ్యాయి, మందులు సరిగ్గా వేసుకోలేదు. మనుషులు అలాగే పోతారు. ఒక మనిషి చావును పసుపు కథకు ముగింపుగా వాడుకునే హక్కు ఎవరికీ లేదు.

మట్టి చేయడానికి నేనూ అటెండరూ ఒకే బస్సులో వెళ్లాం. పాస్టరు ప్రార్థన చేశాక వాళ్లవాళ్లు పాట పాడారు. తమ్ముడిది మంచి గొంతు, ఆ పాటలో ఆయన గొంతు ఉండాల్సిన చోటు నాకు ఖాళీగా వినిపించింది. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన పసుపు చేన్ల గట్టుమీద కూర్చుని బస్సుకోసం ఎదురుచూస్తుంటే అటెండర్ ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పాడు. దాచి కాదు, అది చెప్పదగ్గ సంగతని అతనికి తోచలేదు.

"కమిటోల్లు వచ్చిన రోజు పొద్దుగాల సార్ జల్దే వచ్చిండు మేడం. మిషిన్ ఏసి చూసిండు. ఎర్రబిల్ల తీసి మల్ల చూసిండు. లైటు బంద్ జేసి సీకట్ల చానసేపు కూసున్నడు. నేను చాయ్ పట్కపోయి, 'ఏమైంది సార్, మంచిగ లేదా?' అన్న. నా దిక్కు చూసి, 'ఏం లేదన్న, మంచిగనే ఉన్నది. నీ మొక్కు ఫలిస్తది' అన్నడు."

అటెండర్ ఏడ్చాడు. "నా పేరు బైట వడ్తదనే సార్ సప్పుడు జెయ్యలేదు మేడం. నా కొలువు పోతదని" అన్నాడు. అతను అలా నమ్ముతున్నాడు. నమ్మనివ్వండి. నేను అంత సులభంగా నమ్మే మనిషిని కాను.

ఎర్ర బిళ్ల తీసి చూశాడంటే తెరమీద పచ్చ చుక్కలు చూశాడు. పసుపును పుట్టినప్పటి నుంచి ఎరిగినవాడు, ఏటా వెలిగించి చూపించినవాడు. చూసిన మరుక్షణం తెలిసి ఉంటుంది. ఇంకా టైముంది. కమిటీకి ఫోన్ చేసి వాయిదా వేయించవచ్చు. కనీసం "ఇది పాడైంది" అని ముందే చెప్పి, నవ్వులపాలు కాకుండా బయటపడవచ్చు. అటెండర్‌ను కాపాడాలనుకుంటే దానికీ దారి ఉంది, దుమ్ము పడిందంటే సరిపోయేది, పసుపు ఊసే అక్కర్లేదు. భయమా? భయపడ్డవాడి చేయి వణకాలి కదా. పసుపు కింద రేకు ఇంకా ఉంది, దాన్నే చూస్తారని ఆశపడ్డాడా? అంత అమాయకుడు కాడు.

నా బుర్ర ఎటు తిరిగినా ఒక్కచోటికే వచ్చి ఆగుతుంది. నేను పక్క గదిలో ఉన్నాను. మధ్యలో ఒక్క గోడ. నా పాఠం ఆయనకు వినిపిస్తూనే ఉంటుంది, నా గొంతు అలాంటిది. వానాకాలంలో రేకు వెలిగినప్పుడు అన్నం ముందు నుంచి లేపి తీసుకుపోయినవాడు, ఆ పొద్దున మాత్రం గుమ్మం దాకా రాలేదు. వస్తే నేనేం చేసేదాన్నో ఆయనకు తెలుసు. కమిటీ ముందే హెడ్డును నిలదీసేదాన్ని. పూజ దగ్గర మొదలుపెట్టి అక్షింతలు వేసిన ప్రతి చేతినీ లెక్కకు తెచ్చేదాన్ని. మధ్యాహ్నానికి కాలేజీ అంతా రెండు వర్గాలయ్యేది. నేను గెలిచేదాన్ని. గెలిచి సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చేదాన్ని. ఆ కాలేజీలో, ఆ మనుషుల మధ్య, మరునాడు తల దించుకుని తిరగాల్సింది ఆయన.

చీకట్లో అంతసేపు కూర్చుని నువ్వు లెక్కవేసుకున్నది ఇదేనా తమ్ముడూ? వాళ్ల నవ్వు తట్టుకోగలవు గానీ నా నోరు తట్టుకోలేవనుకున్నావా?